2024–25 కాలనీ సంఘం వార్షిక నివేదిక: ఆరోగ్య కమిటీ పని

సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాం. బోరు మరమ్మతు, దసరా పందిరి సంగతులు అందులో ఉన్నాయి. ఇక్కడ రాస్తున్నది ఆరోగ్య కమిటీ చేసిన పని, అందులో జరిగిన పొరపాటు.

ఏడాది మొదట్లో అనుకున్నది చిన్న పనే. పార్కులో పొద్దున్నే వాకింగ్, ఓపెన్ జిమ్, దాంతోపాటు పళ్ళ పరీక్ష శిబిరం. వ్యాయామం చేసేవాళ్ళలో చిగుళ్ళ జబ్బు తక్కువని అమెరికా జాతీయ ఆరోగ్య సర్వే వివరాలతో 2005లో వచ్చిన అధ్యయనం చెప్పింది. నడిస్తే షుగర్ అదుపులో ఉంటుంది. షుగర్ పెరిగితే చిగుళ్ళు చెడతాయి, చిగుళ్ళు చెడితే షుగర్ మొండికేస్తుంది. రెండింటికీ కలిపి మందు వేద్దామనుకున్నాం.

శిబిరం ఆదివారం ఉదయం 9కి పెట్టాం. వచ్చినవాళ్ళంతా రోజూ పార్కులో కనిపించే మనవాళ్ళే. వాచ్‌మెన్, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, కార్లు కడిగే కుర్రాళ్ళు ఒక్కరూ రాలేదు. ఆ వేళకి వాళ్ళు మన ఇళ్ళల్లోనే అంట్లు తోముతుంటారని కమిటీలో ఎవరికీ తట్టలేదు.

రెండోసారి రాత్రి 8కి, వాచ్‌మెన్ గది ముందు కుర్చీలు వేశాం. శ్రీకాకుళం వైపు నుంచి విశాఖ వచ్చి ఇక్కడ పనిచేస్తున్న ఒకావిడ నోరు తెరిస్తే, డాక్టరమ్మ టార్చి వెలుగులో కింది పళ్ళ వెనక గార గోడ కట్టినట్టు కనిపించింది. "నెత్తురొస్తందని ఆ పక్క తోమడం మానేసినానమ్మా" అంది. చదువుకున్న మనమూ చేసేది అదే. నెత్తురు వస్తోందంటే అక్కడ పాచి పేరుకుందని అర్థం. మెత్తటి బ్రష్షుతో అక్కడే ఇంకాస్త శ్రద్ధగా తోమాలి. ఈ దశలోనే పట్టుకుంటే చిగురు మళ్ళీ బాగుపడుతుంది. పంటి చుట్టూ ఎముక కరిగిందంటే అది తనంతట తాను తిరిగి రాదు. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయన్న భయం కూడా అందరిలో ఉంది. పళ్ళు వదులయ్యేది గార వెనక ముదిరిన జబ్బు వల్లే. గార తీసేదాకా ఆ వదులు బయటపడదు, అంతే.

ఆవిడ అత్తగారు ఊళ్ళో అడ్డపొగ తాగుతుందట, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. ఉత్తరాంధ్ర పల్లెల్లో ముసలివాళ్ళకిది పాత అలవాటు. అంగిట్లో క్యాన్సర్ వచ్చే ముప్పు ఉంది కాబట్టి పండక్కి వచ్చినప్పుడు ఆమెను తీసుకురమ్మన్నాం.

వాచ్‌మెన్ ఒకతను నన్నే అడిగాడు: "మోటారుకీ పార్సిళ్ళకీ రోజంతా మెట్లెక్కి దిగుతూనే ఉంటాను కదా సార్, నాకు వాకింగ్ ఏంటి?" న్యాయమైన మాటే. ఆ అధ్యయనం లెక్కపెట్టింది తీరిక వేళ చేసే వ్యాయామాన్ని. అతనికి లేనిది నడక కాదు. సరైన నిద్ర, వేళకి తిండి, పళ్ళ డాక్టరు దగ్గరకి వెళ్ళడానికి జీతం కోత లేని ఒక పూట. వాకింగ్ చేసేవాళ్ళ చిగుళ్ళు బాగున్నాయంటే అందులో కొంత వాకింగ్ చలవ, కొంత వాకింగుకి తీరిక దొరికిన బతుకు చలవ అని నా అభిప్రాయం.

అలాగని మనం మురిసిపోనక్కర్లేదు. నాలుగు రౌండ్లు కొట్టి గేటు దగ్గర సిగరెట్ వెలిగించేవాళ్ళు (ఇది రాస్తున్నవాడితో సహా) నెత్తురు రావట్లేదు కదా అని ధీమాగా ఉంటారు. పొగాకు రక్తనాళాలను కుదించేస్తుంది, అందుకే నెత్తురు కనపడదు. జబ్బు మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది.

వచ్చే ఏడాదికి సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నవి మూడు. శిబిరాలు రాత్రిపూటే. కాలనీలో పనిచేసేవాళ్ళకి క్లీనింగ్ ఖర్చు సంఘం నిధి నుంచి, వెళ్ళిన పూటకి జీతం కోయకుండా. మూడోది, పార్కు గేటుకి ఉన్న "సభ్యులకు మాత్రమే" బోర్డు తీసేసి, ఓపెన్ జిమ్ దగ్గర దీపాలు రాత్రి 9:30 దాకా వెలిగించడం. బోర్డు విషయంలో కొందరు సభ్యుల అభ్యంతరం రాతపూర్వకంగా అందింది. దాన్ని సమావేశంలో చదివి, ఆ తర్వాతే ఓటింగుకి పెడతాం.

– కార్యదర్శి