లేబర్ రూమ్ లైట్ల గురించి ఆరోగ్య శాఖ మంత్రి గారికి ఒక ఎలక్ట్రీషియన్ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

పంతొమ్మిదేళ్లుగా కరెంటు పని చేసుకుని బతుకుతున్నాను. మొన్న వానలప్పుడు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి రాత్రి పదిన్నరకు ఫోన్ వచ్చింది. నేను వెళ్లేసరికి కాన్పు అయిపోయింది, బిడ్డ క్షేమం. సిస్టర్ గారు కుట్లు వేస్తుంటే ఆయమ్మ సెల్‌ఫోన్ టార్చి పట్టుకుని నిలబడి ఉంది. ఇన్వర్టర్ నడుస్తోంది, బ్యాటరీలో చార్జింగ్ ఉంది, ఫ్యాన్ బుర్రుమంటూ తిరుగుతోంది. సీలింగ్‌లోని నాలుగు ప్యానెల్ లైట్లలో రెండు ఆరిపోయాయి, మిగతా రెండు మినుకుమినుకుమంటున్నాయి.

నిచ్చెనెక్కి ఒకటి దించాను. నా సంచిలోని వేరే డ్రైవర్, అంటే కరెంటును ఎల్‌ఈడీకి సరిపడేలా మార్చే చిన్న పెట్టె, తగిలిస్తే పలక తెల్లగా వెలిగింది. అంచుల్లోని ఎల్‌ఈడీలు, వాటి వెలుగును పరిచే షీటు, అన్నీ బాగున్నాయి. పోయింది పాత డ్రైవర్. మూత తీస్తే కరెంటును కాసేపు నిల్వ చేసే కెపాసిటర్ నెత్తి ఉబ్బి ఉంది, దాని చుట్టూ బోర్డు మాడి ఉంది. చాలాచోట్ల ఇలాంటప్పుడు ప్యానెల్ మొత్తం తీసి పారేస్తారు సార్, చూస్తే బాధేస్తుంది.

అక్కడున్నది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. లైను కరెంటు అలలా లేచి దిగుతుంది. దీనిది గోడెక్కి దూకినట్టు ఉంటుంది. ఫ్యాన్ అయితే మోత చేస్తూనైనా తిరుగుతుంది. చవక డ్రైవర్‌లోని కెపాసిటర్ మాత్రం ప్రతి దూకుడుకీ కరెంటును ఒక్కసారిగా గుంజుకుని వేడెక్కి దెబ్బతింటుంది. లైను కరెంటులా అలగా ఇచ్చే సైన్ వేవ్ ఇన్వర్టర్, మంచి డ్రైవర్ ఉంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

ఇంకో మాట. బ్యాటరీలో ఉన్నది డీసీ, అంటే ఒకే దిక్కున పారే కరెంటు. ఎల్‌ఈడీకి కావలసిందీ డీసీయే. మధ్యలో ఇన్వర్టర్ దాన్ని 230 వోల్టుల ఏసీ, అంటే దిక్కు మారుతూ పారే కరెంటు, చేస్తుంది, డ్రైవర్ మళ్లీ డీసీ చేస్తుంది. ఒక్కో చోట నూటికి 85 పాళ్లు మిగిలాయనుకున్నా చివరికి లైటుకు చేరేది 72. మిగతాదంతా వేడి. ఐఐటీ మద్రాసులో ప్రొఫెసర్ అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం ఈ తిప్పలు లేకుండా 48 వోల్టుల డీసీతో సోలార్ వ్యవస్థ తయారుచేసింది. రాజస్థాన్ గ్రామాల్లో వేల ఇళ్లకు దాన్ని అమర్చారు. 48 వోల్టుల డీసీ వైరింగ్‌కు 2017లోనే భారతీయ ప్రమాణం, ఐఎస్ 16711, వచ్చింది. 12 వోల్టులు చాలవా అంటే, 150 వాట్ల లైట్లకు పన్నెండున్నర ఆంపియర్లు లాగుతుంది, లావు వైరు కావాలి. 48 వోల్టులకు మూడు ఆంపియర్ల పైచిలుకు సరిపోతుంది.

అన్ని గదులూ మార్చమని అడగడం లేదు. లేబర్ రూమ్, మందుల గది, ఈ రెండింటికైనా బ్యాటరీ నుంచి నేరుగా వెలిగే డీసీ ప్యానెళ్లు వేయించండి. అది కుదరని చోట ఎస్టిమేట్‌లో సైన్ వేవ్ ఇన్వర్టర్ అని స్పష్టంగా రాయించండి. లైట్లకు ఒక ఫైలు, ఇన్వర్టర్‌కు ఇంకో ఫైలు నడిపితే ఒకదానికి ఇంకొకటి పడుతుందో లేదో చూసేవాళ్లు ఉండరు. డ్రైవర్ విడిగా మార్చుకునేలా ఉండాలి, దాని వోల్టేజీ, కరెంటు పైన అచ్చేసి ఉండాలి, స్టోర్‌లో రెండు స్పేర్లు ఉండాలి.

ఆ రాత్రి నా దగ్గరున్న రెండు డ్రైవర్లు వేసి వచ్చాను. అవీ ఇప్పుడు అదే ఇన్వర్టర్ మీద నడుస్తున్నాయి.

ఇట్లు,
ఒక ఎలక్ట్రీషియన్, ప్రకాశం జిల్లా