గొంతు పోయి ఉత్తరం వచ్చింది

ఒరేయ్ రవీ,

మూడుసార్లు ఫోన్ చేశావు, ఎత్తలేదని తిట్టుకునే ఉంటావు. గొంతు పోయిందిరా. నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ మీద పొద్దుపోయేదాకా "గణపతి బప్పా మోరియా" అని అరిచి వచ్చి పడుకున్నా, తెల్లారి లేచేసరికి నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు. డాక్టర్ వారం రోజులు మాట్లాడొద్దన్నాడు, గుసగుసలు కూడా వద్దట. మా ఆవిడ ఈ వారం పండగ చేసుకుంటోంది.

ముక్కులోంచి సన్న గొట్టం పంపి నా గొంతు లోపలంతా టీవీలో చూపించాడు. స్వరతంత్రులంటే వీణ తీగల్లా ఉంటాయనుకున్నా ఇన్నాళ్లూ. తీగలూ లేవు, గీగలూ లేవు, తడితడిగా రెండు మడతలు, పొడవు రెండు సెంటీమీటర్లకు అటూ ఇటూ. మామూలుగా మాట్లాడితే మగవాళ్లవి సెకనుకు 100 సార్లకు పైనే, ఆడవాళ్లవి 200 సార్ల దాకా కొట్టుకుంటాయట.

అన్నిసార్లు కండరం ఎలా లాగుతుందని కాగితం మీద రాసి అడిగా. లాగదట! కండరాలు మడతల్ని దగ్గరికి చేర్చి, బిగువు సరిచేసి ఊరుకుంటాయి, మిగతాదంతా ఊపిరి పనే. మా చిన్నోడు పెదాలు బిగించి "డుర్ర్ర్" అని బస్సు నడుపుతాడు చూడు, అచ్చం అలాగే.

కింది నుంచి గాలి తోస్తే ముందు మడతల కింది అంచు విడుతుంది, తర్వాత పైది. మూసుకునేటప్పుడూ కిందిదే ముందు. అందుకని తెరుచుకునేటప్పుడు సందు పైకి పోయేకొద్దీ ఇరుకు, లోపల ఒత్తిడి ఎక్కువ. మూసుకునేటప్పుడు పైకి వెడల్పు, ఒత్తిడి తక్కువ. ఊయల ఎటు పోతుంటే అటే చెయ్యి వేసినట్టు, గాలి ప్రతిసారీ సాయం పడుతుంది, ఇక ఆగదు.

1950లో హ్యూసన్ అనే ఫ్రెంచ్ ఆయన మడతలు కొట్టుకున్న ప్రతిసారీ మెదడు నుంచి ఒక సంకేతం వస్తుందన్నాడట. 1958లో వాన్ డెన్ బెర్గ్ అనే ఇంకో శాస్త్రవేత్త అది కాదు, గాలీ మడతల సాగుడూ చాలన్నాడు. నిజమే కదా, శవంలోంచి తీసిన స్వరపేటికలోకి గాలి ఊదినా మోగుతుంది, దానికి మెదడెక్కడిది?

గొంతు మీద వేళ్లు పెట్టుకుని "స్స్స్" అను, తర్వాత "మ్మ్మ్" అను, రెండోదానికే వేళ్ల కింద అదురుతుంది. బడిలో బట్టీ పట్టిన పరుషాలు, సరళాల తేడా కూడా ఇదేరా, "క"కి మడతలు ఊరుకుంటాయి, "గ"కి మోగుతాయి. తన్నులు తిన్నాం గానీ ఈ ముక్క ఎవరు చెప్పారు మనకి?

ప్రస్తుతం నావి వాచి బరువెక్కాయి, సరిగ్గా అతుక్కోక గాలి కారిపోతోంది. ఆదివారం దాకా ఫోన్ చెయ్యకు, మెసేజ్ పెట్టు. ఉడికించడానికి వాయిస్ మెసేజ్ పెట్టావో, చూస్కో మరి!

నీ
శీను