ఆ పాత డ్రమ్స్ అమ్మకురా

నల్లగొండ

అరే దోస్త్,

నువ్వు పంపిన రికార్డింగు ఇన్న. నీ చెయ్యి మంచిగనే ఉన్నది. టామ్స్ (ఒక్కోటి ఒక్కో శ్రుతిల మోగే డ్రమ్ములు) మాత్రం అట్టడబ్బలు కొట్టినట్టున్నయి, అడుగున తీగలుండే స్నేర్ డ్రమ్ము అయితే ఊకెనే గుర్రుమంటున్నది. అమ్మేసి కొత్తది కొననా అని అడిగితివి. వద్దురా. ఆ సెట్టుకు పాలమూరుల ఎవడూ పెద్ద పైసలియ్యడు. వచ్చిన పైసలకు దొరికే కొత్త సెట్టు మీద కూడ గసొంటి పల్చటి స్కిన్లే (డ్రమ్ము మీద గుంజి కట్టే పొరలే) ఉంటయి. మళ్ల కథ మొదటికే.

చవక సెట్టనంగనే అందరూ చెక్కను తిడ్తరు. పాప్లర్ అయినా, బాస్‌వుడ్ అయినా షెల్లు (డ్రమ్ము చెక్క డొల్ల) గుండ్రంగ ఉండి అంచు సమంగ ఉంటే మస్తు మోగుతది. చూడాల్సింది ఆ అంచునే, స్కిన్ కూసునే కాడ. అన్నీ విప్పి షెల్లును వంటింట్ల గ్రానైటు బండ మీద బోర్లించు (మన దిక్కు బండకు కరువా?). లైటు బంద్ చేసి లోపల టార్చి పెట్టు. యాడికెళ్లి వెలుతురు బయటికొస్తే ఆడ స్కిన్ సరిగ ఆనుతలేదన్నట్టు. కొద్దిగ ఉంటే సన్న సాండ్ పేపర్‌ను బండ మీద పరిచి షెల్లును మెల్లగ తిప్పు. సందు పెద్దగుంటే ముట్టకు. వడ్లాయనతోని చిత్రిక పట్టిద్దామని మాత్రం అనుకోకు, ఆ అంచు వాలు పోయిందంటే షెల్లు పోయినట్టే. విప్పినప్పుడే బోల్టులకు కుట్టుమిషన్ నూనె పెట్టు. బోల్టులు దిగే లగ్గులల్ల స్ప్రింగులుంటే జర దూది కుక్కు. సగం గరగర అక్కడికెళ్లే వస్తది.

ఇగ పైసలు పెట్టాల్సింది స్కిన్లకు. టామ్స్ మీద రెండు పొరలది ఎయ్యి, రెమో ఎంపరర్ గానీ ఇవాన్స్ జీ2 గానీ. ఒక్కో పొర 7 మిల్లులు, అంటే అంగుళంల వెయ్యో వంతులు ఏడు. గట్టిగ కొట్టే నీ చేతికి అవే ఆగుతయి. స్నేర్‌కు 10 మిల్లుల ఒంటి పొరది, తెల్లపూత ఉన్నది చాలు. స్నేర్ కిందిది మాత్రం వేరే స్కిన్, 3 మిల్లులే ఉంటది. ఆడ మామూలుది ఏస్తే తీగలు పలకనే పలకవు. కిక్‌కు, అదే కాలితోని కొట్టే పెద్ద డ్రమ్ముకు, అంచు పొంటి రింగు ఉన్న పవర్‌స్ట్రోక్ 3 లాంటిది తీస్కో. అన్నీ ఒక్కసారి కొనలేకపోతే ముందు స్నేర్, కిక్. జనం చెవులకు పడేది ఆ రెండే.

ట్యూనింగు కాడ తొందరపడకు. బోల్టులన్నీ ముందు చేతితోనే బిగియ్యి, అన్నిటికీ ఒకే బిగువు రావాలె. తర్వాత కీ పెట్టి ఎదురెదురు బోల్టులు సగం చుట్టు, సగం చుట్టు. పక్కపక్కయి బిగించినవంటే స్కిన్ ఒక దిక్కే గుంజుకుంటది. ముడతలు పోంగనే ఆగు. డ్రమ్‌ను దుప్పటి మీద పెట్టి కింది స్కిన్‌ను మూగ చెయ్యి, ప్రతి బోల్టుకు అంగుళం లోపల స్టిక్‌తోని మెల్లగ తట్టు. అన్ని కాడ ఒకే శ్రుతి రావాలె. ఎక్కువైనకాడ దించుతవు చూడు, అప్పుడు కావాల్సిన దానికంటె కిందికి దించి మళ్ల పైకి తేవాలె, లేకుంటె కొట్టంగ కొట్టంగ జారిపోతది. టామ్స్‌కు కింది స్కిన్ పైదానికంటె జర ఎక్కువ శ్రుతిల ఉంచితే మోత తొందరగ తెగుతది, నాకదే ఇష్టం. స్నేర్‌కు కిందిది గట్టిగ బిగించి, తీగలను మాత్రం వదులు చేసుకుంట రా, పలుకు స్పష్టంగ వచ్చినకాడ ఆపు. టామ్ కొట్టినప్పుడు తీగలు మూలిగితే ఆ టామ్ శ్రుతి కొంచెం జరుపు. పూర్తిగ మాత్రం పోదు, ఎంత ఖరీదు సెట్టుకైనా ఉంటది.

మీ దప్పుల జట్టోళ్లు మంట కాడ కాగబెట్టినట్టు వీటిని ఎండల పెట్టకు! దప్పు తోలు కాగితే బిగుస్తది, ఇది మైలార్, అంటే ప్లాస్టిక్ పొర. తోలు స్కిన్లతోని వానకాలం డ్రమ్మర్లు పడే బాధ అటు దేశాలల్ల కూడ ఉండె. 1957ల రెమో బెల్లి అనే డ్రమ్మర్ మైలార్ స్కిన్ల కంపెనీ మొదలువెట్టిండు, అప్పటికెళ్లి ఆ బాధ తప్పింది. ఎండల పెడ్తే షెల్లు చెక్కే ఒంకర పోతది.

ఇంకోటి, దిండ్లు కుక్కకు. కిక్‌ల ఒక దుప్పటి మడత పెట్టి రెండు స్కిన్లకు ఆనీ ఆననట్టు ఉంచితే చాలు. టామ్ మరీ గింగురుమంటే అంచు కాడ చిన్న టిష్యూ మడత టేపేసి అతికియ్యి. నీ చెవి పక్కన చిరాకు పుట్టించే ఆ గింగురే ఫంక్షన్ హాల్ వెనక కుర్సీలదాంక చప్పుడును మోసుకపోతది. మైకులుంటే వేరే సంగతి.

తాళాలకు (సింబల్స్‌కు) మాత్రం ఏ చిట్కా లేదు. నీయి ఇత్తడియి, ఎంత తుడిచినా డబ్బా మోతే. మంచివి కంచువి, బీ20 అంటే వంద పాళ్లల్ల 80 రాగి, 20 తగరం. గుడి గంట కూడ దాదాపు గదే కంచు, ఆ మోత నీకు ఎరికే. సెకండ్ హ్యాండ్ల అయినా సరే, ముందు కాలితోని మూసి తెరిచే రెండు తాళాలు, హై-హ్యాట్ జత కొను. పాట మొదలయిన కాడికెళ్లి అయిపోయేదాంక కొట్టేది దాన్నే. స్టాండు మీద ప్లాస్టిక్ గొట్టం, ఫెల్టు లేకుంట తాళం బిగించకు, నడిమిట్ల బొక్క అరిగిపోతది.

టేపు పట్టి షెల్లుల కొలతలు అంగుళాలల్ల పంపు. ఫ్లోర్ టామ్ 16 అనుకుంటున్న గానీ 14 అయితే స్కిన్ దండుగ. మావోళ్లొకరు హైదరాబాద్ పోతున్నరు, తెప్పిస్త. పైసలు తర్వాత చూసుకుందాం. అమ్మను అడిగిన్నని చెప్పు.

నీ దోస్త్