ఎండకు మ్యాపు చాలు, గాలిని మాత్రం కొలవాలి

సంపాదకుల వారికి,

సోలార్ ప్యానెళ్లతోపాటు ఒక చిన్న గాలిమర కూడా పెట్టుకుంటే కరెంటు బిల్లే ఉండదన్న ప్రకటనలు ఈమధ్య ఎక్కువయ్యాయి. మేడలున్నవాళ్లు, పొలాల్లో షెడ్లు వేసుకున్న రైతులు అడ్వాన్సులు కూడా ఇస్తున్నారు. అమ్మేవాళ్లు చూపించే లెక్కలు చాలావరకు ఎక్కడ ఎండ ఎంత, గాలి ఎంత అని చూపే మ్యాపుల్లోంచి తీసినవే. ఎండ విషయంలో ఆ మ్యాపుల్ని నమ్మొచ్చు. గాలి విషయంలో నమ్మితే మాత్రం డబ్బు పోగొట్టుకున్నట్టే.

ఎండ పక్కపక్క ఊళ్లలో పెద్ద తేడా లేకుండా కాస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయనుకోవచ్చు. మేడ మీద చూడాల్సింది నీడ. అదీ డిసెంబరు నీడ. హైదరాబాద్‌లో డిసెంబరు 21న ఉదయం 9 గంటల ప్రాంతంలో సూర్యుడు ఆగ్నేయాన 30 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ప్యానెళ్ల కంటే 6 అడుగులు ఎత్తున్న వాటర్ ట్యాంకు నీడ ఆ వేళ వాయవ్యానికి పదిన్నర అడుగులు సాగుతుంది. మధ్యాహ్నానికి ఉత్తరంగా 5 అడుగులకు తగ్గి, 3 గంటల ప్రాంతంలో ఈశాన్యానికి మళ్లీ పదిన్నర అడుగులవుతుంది. మే నెలలో సర్వేకు వచ్చినవాళ్లకు ఇదేమీ కనిపించదు కాబట్టి ట్యాంకు, మెట్ల గది, పిట్టగోడ ఎత్తులు టేపుతో కొలిచి, ఈ నీడను స్లాబు మీద సుద్దముక్కతో గీయించుకోవాలి. ప్యానెల్‌లో సెల్స్ సాధారణంగా మూడు భాగాలుగా, భాగానికో బైపాస్ డయోడ్‌తో (నీడ పడిన భాగాన్ని తప్పించి కరెంటును పక్కనుంచి పంపే పరికరంతో) ఉంటాయి. ఒక్క సెల్ మీద గట్టి నీడ పడితే ఆ భాగమంతా పక్కకు తప్పుకుంటుంది. అంటే ప్యానెల్‌లో మూడో వంతు పోయినట్టే. అందుకే డిష్ యాంటెన్నా కడ్డీని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

దిక్కు చూడటానికి ఫోన్‌లోని దిక్సూచిని నమ్మకండి. స్లాబులోని ఇనుము దాన్ని పక్కకు లాగుతుంది. నిటారుగా నిలబెట్టిన కర్ర నీడ అతి పొట్టిగా ఉన్న క్షణంలో ఏ వైపు పడుతుందో అదే ఉత్తరం. ఇది చలికాలంలోనే చూడాలి. డిసెంబరు 21 ప్రాంతంలో హైదరాబాద్‌లో ఆ క్షణం దాదాపు 12.15కు వస్తుంది. దుమ్ము సంగతి ఊరిని బట్టి ఉంటుంది. తాడిపత్రి, బేతంచెర్ల వైపు నాపరాళ్ల పాలిష్ దుమ్ము రాత్రి మంచుకు తడిసి అద్దానికి అట్టకడుతుంది. దాన్ని ఉప్పు బోరు నీళ్లతో కడిగితే తెల్లటి పొర మిగులుతుంది. కడగడానికి మంచి నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో కూడా సర్వేలోనే రాసుకోవాలి.

ఇక గాలి. వేగం రెట్టింపైతే గాలిలోని శక్తి 8 రెట్లవుతుంది. వేగాన్ని 10 శాతం ఎక్కువగా అంచనా వేస్తే శక్తి లెక్క 33 శాతం పెరిగిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 44 వేల మెగావాట్లకు పైగా పవన విద్యుత్‌కు అవకాశముందని చెన్నైలోని జాతీయ పవన విద్యుత్ సంస్థ వేసిన అంచనా నేలకు 100 మీటర్ల ఎత్తుకు సంబంధించింది. దాన్ని చూపించి 12 మీటర్ల స్తంభం మీద పెట్టే గాలిమరను అమ్మడం తప్పు. రామగిరి కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి కదా అని కొండ చాటునున్న పొలంలోనూ అదే గాలి ఉండదు.

2 మీటర్ల వ్యాసమున్న గాలిమరనే తీసుకుందాం. దాని మీద 1 కిలోవాట్ అని రాసి ఉంటుంది, కానీ అది సెకనుకు 12 మీటర్ల గాలి వీచినప్పటి మాట. సెకనుకు 4 మీటర్ల దగ్గర వచ్చేది 30 వాట్లు, అటూఇటూ. గాలి హెచ్చుతగ్గుల వల్ల సగటున దానికి రెట్టింపు వచ్చినా రోజుకు ఒకటిన్నర యూనిట్ దాటదు. చుట్టూ భవనాలున్న మేడ మీద ఆ సగటు వేగం దొరకడమే కష్టం. పైగా సుడులు తిరిగే గాలికి బేరింగులు తొందరగా అరుగుతాయి, అదురు స్లాబులోకి దిగుతుంది. రెక్కల కింది అంచు 300 అడుగుల లోపలున్న ప్రతి చెట్టు, ప్రతి కట్టడం కంటే కనీసం 30 అడుగులు పైన ఉండాలి. ఇప్పుడు చిన్నదిగా ఉన్న వేప పదేళ్లకు ఎంతవుతుందో అదీ లెక్కేసుకోవాలి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి బలంగా వీస్తుంది. మబ్బులతో సోలార్ తగ్గేదీ అప్పుడే కాబట్టి, సరైన చోట రెండూ కలపడంలో అర్థముంది. అయితే ఒక్క జులైలో కొలిచి ఏడాది లెక్క వేయకూడదు. గాలిమర పెట్టబోయే ఎత్తులోనే గాలి వేగాన్ని కొలిచే కప్పుల అనిమోమీటర్, దిశ చూపే వేన్, 10 నిమిషాల సగటులు రాసుకునే లాగర్ బిగించి 12 నెలలు ఉంచాలి. అనిమోమీటర్‌ను స్తంభానికి ఆనించి బిగిస్తే స్తంభం చాటున రీడింగ్ తగ్గుతుంది. అడ్డకడ్డీ మీద, స్తంభం వ్యాసానికి కనీసం 7 రెట్ల దూరంలో పెట్టాలి. లాగర్ బ్యాటరీని నెలనెలా చూడాలి. వానాకాలంలో అది ఆగిపోతే ఆ ఏడాది కొలత పనికిరాదు. చివర్లో సగటు వేగం ఒక్కటే చూస్తే చాలదు, ఏ వేగంతో ఎన్ని గంటలు వీచిందో పట్టిక కావాలి.

అమ్మేవాళ్లు కొటేషన్‌తోపాటు డిసెంబరు నీడ పటం, నెలవారీ యూనిట్ల అంచనా, గాలిమరైతే కొలిచిన ఎత్తు, తేదీలు రాసి సంతకం చేసి ఇవ్వాలన్న నిబంధన పెట్టాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల పునరుత్పాదక ఇంధన సంస్థలైన ఎన్‌ఆర్‌ఈడీక్యాప్, రెడ్కో తమ దగ్గరున్న గాలి కొలతలను మండలాలవారీగా, నెలలవారీగా, ఏ ఎత్తులో కొలిచారో చెబుతూ తెలుగులో ప్రచురించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక విద్యుత్ ఇంజినీరు, అనంతపురం