మిల్లు షెడ్లలో బీరు బార్లు: కార్మికుల చరిత్రకు గోడ మీద చోటివ్వాలి

సంపాదకులకు నమస్కారం.

ముంబయిలోని లోయర్ పరేల్, వర్లీ, ప్రభాదేవి ప్రాంతాల్లో మూతపడిన బట్టల మిల్లుల ప్రాంగణాలు కొంతకాలంగా కార్యాలయాలుగా, స్టూడియోలుగా, హోటళ్లుగా, బీరును అక్కడే కాచి అక్కడే పోసే బార్లుగా మారుతున్నాయి. ఆ మిల్లుల్లో చెమటోడ్చినవారిలో కరీంనగర్, వరంగల్, నల్గొండ, మెదక్ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలవారు ఎందరో ఉన్నారు. అందువల్ల ఆ కట్టడాలను ఇప్పుడు ఎవరు, ఏ షరతుల మీద వాడుకుంటున్నారన్నది తెలుగువారికి కూడా సంబంధించిన విషయమని భావించి ఈ లేఖ రాస్తున్నాను. మా నాన్నగారు వర్లీలోని ఒక మిల్లులో సాంచా ఖాతాలో, అంటే మరమగ్గాల షెడ్డులో, పనిచేశారు.

ఈమధ్య మా అబ్బాయి, అతని స్నేహితులు నన్ను లోయర్ పరేల్‌లో ఒక మిల్లు కాంపౌండ్‌లోని అటువంటి బారుకు తీసుకువెళ్లారు. కట్టడం పాత షెడ్డే. రంపపు పళ్లలా వరుసగా లేచిన పైకప్పు, దానికి ఒకవైపే అమర్చిన అద్దాలు, పోత ఇనుప స్తంభాలు చాలావరకు చెక్కుచెదరకుండా ఉన్నాయి. అద్దాల గోడకు అవతల స్టీలు ట్యాంకులు వరుసగా నిలబెట్టారు. అక్కడ పనిచేసే కుర్రవాడు మొలకెత్తించి ఎండబెట్టిన గోధుమలతో, బార్లీతో బీరు ఎలా కాస్తారో, వడకట్టని గోధుమ బీరుకు అరటిపండు, లవంగాల వాసన ఈస్టు వల్ల ఎలా వస్తుందో ఎంతో శ్రద్ధగా, తన పనిమీద ఇష్టంతో వివరించాడు. బీరు కూడా మంచిదే. అయితే ఇది ఏ మిల్లు, ఈ షెడ్డులో ఏ పని జరిగేది అని అడిగితే అతను చెప్పలేకపోయాడు. అందులో అతని తప్పేమీ లేదు, అతనికి ఎవరూ చెప్పలేదు. గోడ మీద ఒక పాత నాడె, అంటే మగ్గంలో పోగును అటూ ఇటూ నడిపే పనిముట్టు, కొన్ని నూలు చుట్టే బాబిన్లు, ఒక ఇనుప చక్రం అలంకారంగా బిగించి ఉన్నాయి గాని, వాటి కింద ఒక్క అక్షరం కూడా లేదు.

ఆ పైకప్పు అలా ఎందుకు కట్టారో తెలిస్తే అక్కడ కూర్చున్నవారి చూపు మారుతుందని నా నమ్మకం. నేరుగా ఎండ పడకుండా రోజంతా ఒకే తీరు వెలుతురు రావాలని అద్దాలను ఉత్తరం వైపు పెట్టేవారు, ఎందుకంటే తెగిన పోగు కార్మికుడి కంటికి వెంటనే ఆనాలి. పోగు తెగకుండా ఉండటానికి గాలిలో తేమ పెంచేవారు, ఆ తేమ బయటికి పోకుండా కిటికీలు మూసి ఉంచేవారు. ఆ ఉక్కపోతలో, మాట వినిపించనంత సాంచాల మోతలో, పత్తి ధూళి పీలుస్తూ షిఫ్టు తరవాత షిఫ్టు గడిచేది. పత్తి ధూళివల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు మిల్లు కార్మికుల కుటుంబాల్లో అందరికీ తెలిసినదే. మా నాన్నగారి దగ్గు శబ్దం వింటూనే మేము పెరిగాము. పర్మనెంటు ఉద్యోగం లేని బదిలీ కార్మికులు పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, ఆ పూట ఎవరైనా పనికి రాకపోతే ఆ చోటు తమకు దక్కుతుందేమోనని ఎదురుచూసేవారు. కుటుంబాలను ఊళ్లో వదిలి వచ్చిన మగవారికి ఆడవాళ్లు నడిపే ఖానావళ్లే అన్నం పెట్టేవి. ఇదంతా ఆ నాలుగు గోడల చరిత్రే. పాత ఇటుక గోడ అందంగా ఉందని ఫొటో తీసుకునేవారికి ఆ ఇటుకల మధ్య ఏం జరిగిందో చెప్పవలసిన బాధ్యత ఆ గోడను వాడుకుని వ్యాపారం చేసేవారి మీద ఉంది.

బార్లను మూసివేయాలని నేను కోరడం లేదు. కట్టడం పాడుబడి కూలిపోవడం కంటే, దాన్ని పడగొట్టి ఆకాశహర్మ్యం కట్టడం కంటే, ఏదో ఒక వాడకంలో నిలిచి ఉండటమే మేలు. మన వరంగల్‌నే చూడండి. 1934లో నిజాం ప్రభుత్వ హయాంలో మొదలై, వేలాది కుటుంబాలకు అన్నం పెట్టిన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడింది. స్థలాలు చేతులు మారాయి, షెడ్లు నేలమట్టమయ్యాయి. ఇప్పుడు ఆ నగరంలో ఒక తండ్రి తన పిల్లలను తీసుకువెళ్లి, మీ తాత పనిచేసిన సాంచాలు ఇక్కడ ఉండేవని చూపించాలంటే చూపించడానికి షెడ్డు లేదు. ముంబయిలో కనీసం కొన్ని షెడ్లయినా మిగిలాయి. మిగిలినవాటి విషయంలోనైనా సరైన షరతులు ఉండాలన్నదే నా విన్నపం.

ఇక్కడి భూముల కథ చాలా పెద్దది కనుక క్లుప్తంగానే చెబుతాను. 1982 జనవరి 18న డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షలమంది కార్మికులు మొదలుపెట్టిన సమ్మెను ఎవరూ అధికారికంగా విరమించలేదు. మిల్లులే ఒక్కొక్కటిగా మూతపడుతూ వచ్చాయి. 1991 నాటి నిబంధన ప్రకారం మిల్లు భూమిలో మూడో వంతు నగరానికి ఖాళీ స్థలంగా, మూడో వంతు ప్రజల ఇళ్లకు, మిగిలినది యజమానికి చెందాలి. 2001లో చేసిన సవరణతో ఆ వాటాలు మిల్లులో కట్టడాలు లేని ఖాళీ జాగాకే పరిమితమయ్యాయి. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. ఇళ్ల కోసం 1.7 లక్షలకు పైగా మిల్లు కార్మికులు, వారి వారసులు దరఖాస్తు చేసుకోగా, ఇళ్లు దక్కినవారు వారిలో కొద్దిమందే. భూమిలోనూ, ఇంట్లోనూ న్యాయమైన వాటా దక్కని మనుషులకు చరిత్రలో కూడా చోటు లేకుండా పోవడం నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధిస్తున్నది.

భద్రత సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2017 డిసెంబరు 29న, అర్ధరాత్రి దాటిన తరవాత, కమలా మిల్స్ ప్రాంగణంలోని ఒక భవనం పైభాగాన ఉన్న రెస్టారెంట్లలో మంటలు లేచి 14 మంది చనిపోయారు. చాలామంది పొగకు ఊపిరాడక ప్రాణాలు విడిచారు. ఇరుకు దారులున్న పాత ప్రాంగణాల్లో ఒకదాని పక్కన ఒకటిగా వంటశాలలు, బార్లు వెలిసినప్పుడు ప్రమాదం ఎంత తొందరగా ముంచుకొస్తుందో ఆ రాత్రి అందరూ చూశారు. బయటికి వెళ్లే దారులు సామాన్లతో నిండిపోయి, మంటలు అంటుకునే కప్పులు పైన వేలాడుతున్నచోట పాత కట్టడాన్ని కాపాడామని ఎవరూ చెప్పుకోకూడదు.

బృహన్ముంబై నగరపాలక సంస్థకు, మహారాష్ట్ర ఎక్సైజ్ శాఖకు నేను చేసే సూచన కష్టమైనది కాదు. మిల్లు షెడ్డులో హోటలుకో, బారుకో అనుమతి ఇచ్చేటప్పుడు, పైకప్పును, స్తంభాలను, చిమ్నీ మిగిలి ఉంటే దాన్ని మార్చకూడదని లైసెన్సులోనే రాయాలి. లోపలికి రాగానే కనిపించేచోట ఆ మిల్లు పేరు, అది మొదలైన, మూతపడిన సంవత్సరాలు, ఆ షెడ్డులో జరిగిన పని, అక్కడికి ఏ ప్రాంతాల మనుషులు వచ్చి పనిచేశారన్న వివరాలతో ఒక ఫలకం పెట్టించాలి. ఆ ఫలకం మరాఠీలో, ఇంగ్లీషులో ఉండటం సహజం. పద్మశాలీలు ఎక్కువగా పనిచేసినచోట తెలుగులో కూడా ఉండాలి. దీనికి యజమానులకయ్యే ఖర్చు ఒక పూట అమ్మకాల్లో చిన్న భాగం కూడా కాదు. 1995లోనే వారసత్వ కట్టడాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చిన నగరానికి ఇది కొత్త ఆలోచన కూడా కాదు.

మన వంతుగా చేయవలసినది కూడా ఉంది. కాళాచౌకీలోని ఇండియా యునైటెడ్ మిల్లు 2, 3 నంబర్ల ప్రాంగణంలో టెక్స్‌టైల్ మ్యూజియం ఏర్పాటు చేయాలని నగరపాలక సంస్థ సంకల్పించింది. అందులో తెలుగు నేతగాళ్లకు చోటు దక్కాలంటే వారి ఆనవాళ్లు ఎవరో ఒకరు సేకరించి ఇవ్వాలి. సమ్మెనాటికి పాతికేళ్ల వయసున్న కార్మికుడికి ఇప్పుడు డెబ్బై దగ్గర పడింది. ఆనాటి గేటు పాసులు, జీతం చీటీలు, యూనియన్ రసీదులు, గ్రూపు ఫొటోలు చాలా ఇళ్లలో అటకల మీద, ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. చాళ్లను, అంటే కార్మికులు ఉండే వరుస గదుల పాత భవనాలను, పడగొట్టి కొత్త భవనాలు కడుతున్న ఈ రోజుల్లో ఇల్లు మారేటప్పుడు మొదట పారేసేవి ఈ పాత కాగితాలే. దాదర్‌లోని ఆంధ్ర మహాసభ, వర్లీ, భివండీల్లోని పద్మశాలీ సంఘాలు కలిసి ఈ పనికి పూనుకోవాలని కోరుతున్నాను. సమ్మె తరవాత తిరిగి వెళ్లి సిరిసిల్లలో స్థిరపడిన కుటుంబాల దగ్గర కూడా ఇటువంటివి దొరకవచ్చు. మీ పత్రిక తెలంగాణ జిల్లాల సంచికల్లో ఈ విషయమై ఒక చిన్న ప్రకటన వేసి, పాఠకులు పంపిన ఫొటోలను, జ్ఞాపకాలను ప్రచురించగలిగితే, ఆ ఫలకాల మీద ఏం రాయాలో నగరపాలక సంస్థకు మనమే ఆధారాలతో చెప్పగలుగుతాము.

ఇట్లు,
ఒక మిల్లు కార్మికుడి కుమారుడు,
వర్లీ, ముంబయి.