కిషన్ రెడ్డి గారూ, అయస్కాంతాల విషయంలో ఇంకా ఆలస్యం వద్దు

కేంద్ర బొగ్గు, గనుల శాఖ మంత్రి జి. కిషన్ రెడ్డి గారికి నమస్కారం.

యుద్ధం అంటే మనకి ఇంకా సరిహద్దు, ట్యాంకులు, క్షిపణులే గుర్తొస్తాయి. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ సుంకాలు పెంచితే చైనా ఒక్క తూటా పేల్చలేదు. సమారియం, టెర్బియం, డిస్ప్రోసియం లాంటి ఏడు అరుదైన మూలకాలు, వాటితో చేసే అయస్కాంతాలు దేశం దాటాలంటే లైసెన్స్ కావాలంది, అంతే. గొడవ వాళ్లిద్దరిదీ, సరుకు దొరక్క టెన్షన్ పడింది మన కార్ల, ఎలక్ట్రిక్ స్కూటర్ల కంపెనీలు కూడా. బండి మోటారులో గుప్పిట్లో పట్టే అయస్కాంతం ముక్కలు రాకపోతే మొత్తం ఉత్పత్తి ఆగిపోతుంది. క్షిపణి రెక్కల్ని తిప్పే మోటార్లలోనూ ఇలాంటివే వాడతారు కాబట్టి ఇది స్కూటర్లతో పోయే సంగతి కాదు.

2010లో జపాన్, చైనా రెండూ మావంటే మావనే సెంకాకు దీవుల దగ్గర పడవ గొడవ జరిగినప్పుడు చైనా నుంచి జపాన్‌కీ ఇదే సరుకు ఆగింది. జపాన్ మరుసటి ఏడాదే ఆస్ట్రేలియా కంపెనీ లైనస్‌లో డబ్బు పెట్టి వేరే దారి చూసుకుంది. మనకేమో అరుదైన మూలకాల పని చూసే ప్రభుత్వ కంపెనీ ఐఆర్ఈఎల్ 1950 నుంచే ఉంది. ఈ మూలకాలు దొరికే ఖనిజం మోనజైట్, మన దేశంలో దాని నిల్వల్లో పెద్ద వాటా ఆంధ్ర తీరానిదే, భీమిలి ఒడ్డున అల వెనక్కి వెళ్లాక ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయే, ఆ బరువైన ఖనిజాలతో పాటే ఇదీ కొంత ఉంటుంది. అయినా చైనా వైపే చూస్తున్నాం. ఇసుక తవ్వడం పెద్ద పని కాదు, ఒకదానికొకటి అంటిపెట్టుకుని ఉండే ఆ మూలకాల్ని విడదీసి, శుద్ధి చేసి, అయస్కాంతం దాకా తేవడమే అసలు పని. అందులో దాదాపు 90 శాతం వాళ్ల చేతిలో ఉంది, పైగా 2023 డిసెంబరులో అయస్కాంతాల తయారీ టెక్నాలజీ ఎగుమతినీ ఆపేశారు.

విశాఖలో సమారియం కోబాల్ట్ అయస్కాంతాల ప్లాంటుని 2023లో జాతికి అంకితం చేశారు, సంతోషం, కానీ దాని సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలే. 2025 నవంబరులో కేబినెట్ 7,280 కోట్లతో ఏడాదికి 6,000 టన్నుల అయస్కాంతాలు తయారుచేసే పథకం ఆమోదించింది. ఆ పథకం భారీ పరిశ్రమల శాఖది, మోనజైట్ అణుశక్తి విభాగానిది, కీలక ఖనిజాల మిషన్ మీది. రేపు పని జరగకపోతే ఎవరిని అడగాలి సార్? ఆ బాధ్యత మీరే తీసుకోండి. ఏ ఏడాదికి ఎన్ని టన్నులు ఇక్కడ శుద్ధి అవుతాయో పార్లమెంటులో చెప్పండి.

మరో మాట, మోనజైట్‌లో రేడియోధార్మిక పదార్థమైన థోరియం ఉంటుంది. దేశ భద్రత పేరు చెప్పి శ్రీకాకుళం, విశాఖ తీరంలో మత్స్యకారుల నోరు నొక్కొద్దు. తవ్వకానికి ముందే వాళ్ల ఊళ్లలో కూర్చుని, పడవలు ఎక్కడ పెట్టుకోవాలో, ఆ థోరియాన్ని ఎక్కడ భద్రపరుస్తారో తెలుగులో వివరంగా చెప్పి, వాళ్ల జవాబు విని, అప్పుడు సంతకం పెట్టండి.

ఇట్లు,
విశాఖ నుంచి ఒక పౌరుడు