ఆ గ్లాసు ముక్క

ఒరేయ్,

నీ ఉత్తరం అంది పదిరోజులైంది. జవాబు రాయకపోవడం బద్ధకం కాదు, సిగ్గు.

మొన్న అంబేద్కర్ జయంతికి మన ఊళ్ళో సభ పెట్టి నన్ను మాట్లాడమన్నారు. ప్రసంగం ముందే రాసివ్వమంటే రాసిచ్చాను. మర్నాడు ఫోను. "అంతా బ్రహ్మాండంగా ఉంది మాస్టారూ. ఆ గ్లాసు ముక్క ఒక్కటీ తీసేద్దురూ, పెద్దవాళ్ళు వస్తున్నారు." మన చిన్నప్పటి టీకొట్టు గుంజకి మేకు ఉండేది చూడు, దానికి తగిలించిన గ్లాసు సంగతి. మీ నాన్నగారు దాంట్లోనే తాగి, కడిగి, మళ్ళీ మేక్కి తగిలించి వచ్చేవారు. "సరేనండి" అనేశానురా. రెండో మాట లేకుండా.

రాత్రి నిద్ర పట్టక అంబేద్కర్ 'కుల నిర్మూలన' తీశాను. ప్రసంగం కాదు, దాని ముందుండే ఉత్తరాలు. ఎప్పుడూ పేజీలు తిప్పేసేవాణ్ణి, నువ్వూ అంతేననుకుంటా. లాహోర్లో జాత్-పాత్ తోడక్ మండల్ అని ఉండేది. కులం పోవాలనే సవర్ణ హిందువుల సంఘం. మా వార్షిక సభకి అధ్యక్షుడిగా రమ్మని 1935 డిసెంబరులో సంత్ రామ్ అంబేద్కర్‌కి రాశాడు. కులానికి పునాది అయిన మత భావాల్ని నాశనం చెయ్యకుండా కులాన్ని విరగ్గొట్టలేం అన్న ఆయన సూత్రాన్ని ఎత్తిరాసి, దీన్ని వివరంగా చెప్పండీ అని అడిగింది కూడా వీళ్ళే! ఆయన చెప్పాడు. వేదాల దాకా పోయి మరీ చెప్పాడు. అప్పుడు పట్టుకుంది వీళ్ళకి వణుకు.

1936 ఏప్రిల్లో మండల్ తరఫున హర్ భగవాన్ బొంబాయి వచ్చి ప్రసంగం పట్టుకెళ్ళాడు. ఇంటికెళ్ళాక మెలికలు మొదలు. 'వేదం' అన్న మాట లేకపోతే బాగుండును. శాస్త్రాల నీతిని శంకించే చివరి భాగం, హిందూ మతం వదిలేస్తానన్న సూచన ఇక్కడ అప్రస్తుతం. ఎంత మర్యాదగా అడిగాడో చూడు, అచ్చం నాకొచ్చిన ఫోనులాగే. ఏప్రిల్ 27న అంబేద్కర్ జవాబు వెళ్ళింది: కామా కూడా మార్చను, బొంబాయిలోనే చెప్పాను కదా అని. సభ రద్దయింది. అచ్చేసిన ప్రసంగాన్ని ఆయనే పుస్తకంగా అమ్మకానికి పెట్టాడు, వెల ఎనిమిదణాలు. దాని మీద తన 'హరిజన్' పత్రికలో రాస్తూ గాంధీగారు ధర రెండణాలు, కనీసం నాలుగణాలు చెయ్యమన్నారు. అంత ధరకీ మొదటి 1500 ప్రతులు రెండు నెలల్లో అయిపోయాయి.

ఇదంతా చదివి కూడా, తెల్లారి వెళ్ళి నేను ఆ ముక్క తీసేసిన కాగితమే చదివాను. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. పచ్చది, జరీ గుచ్చుకుంటోంది.

అంతా వెళ్ళాక మైకుసెట్టు కుర్రాడు వైరు చుడుతుంటే, ఎందుకో వాడికి చెప్పాను గ్లాసు సంగతి. వాడు చుట్టడం ఆపలేదు. "మైకున్నప్పుడు చెప్పాల్సింది సార్" అన్నాడు.

సెలవులకి వస్తున్నావా? పిల్లలు పరీక్షలు ఎలా రాశారు? ఈ ఉత్తరం మాత్రం మీ నాన్నగారికి చదివి వినిపించకు.

నీ
నేను